మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్య: నా అనుభవం

పాప పుట్టిన ఆరు వారాలకి కుట్లు చూపించుకోవడానికి వెళ్లాను. డాక్టరమ్మ కుట్లు చూశారు, బీపీ చూశారు, పాప బరువు అడిగారు. ఇక లేద్దాం అనుకుంటుండగా "మరి జాగ్రత్తకి ఏం వాడదామనుకుంటున్నారు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న అత్తయ్య, "రెండోది కూడా అయిపోతే ఆపరేషన్ చేయించేద్దామండీ" అన్నారు. డాక్టరమ్మ ఓపిగ్గా, "ఆ రెండోది ఎప్పుడమ్మా? కడుపు కోసి తీసిన బిడ్డ. మళ్లీ నెల తప్పడానికి ఏడాదిన్నర, రెండేళ్లయినా ఆగాలి. ఆ రెండేళ్లూ ఏం చేస్తారని అడుగుతున్నాను" అన్నారు.

ఆ రెండేళ్ల సంగతే నేనిక్కడ రాస్తున్నది. మాది తెనాలి దగ్గర ఊరు. మా వైపు కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే, అదీ ఆడవాళ్లకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్ వాడుతున్నామని చెప్పినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మా అమ్మకి 22 ఏళ్లకే ఆపరేషన్ అయింది. నాకూ తమ్ముడికీ పదమూడు నెలలే తేడా. "మధ్యలో ఏమీ వాడలేదా అమ్మా?" అని అడిగితే, "వాడడానికి ఏమున్నాయో మాకెవరు చెప్పారే" అంది. అందుకే నాకు తెలిసినంతవరకు దాచుకోకుండా చెబుతున్నాను.

ముందు డాక్టరమ్మ నాకు పనికిరానివన్నీ ఒక్కొక్కటిగా పక్కన పెట్టారు. నాకు ఇంటర్ చదివే రోజుల నుంచీ మైగ్రేన్ ఉంది. తలనొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు వెలుగు గీతలు వంకరటింకరగా కదులుతాయి. దాన్ని ఆరా అంటారట. ఆరా ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు ఇవ్వకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది అన్నారు. పైగా పాలిచ్చే తల్లిని. కాపర్-టి అడిగాను. నాకు మొదటి నుంచీ నెలసరి ఎక్కువే, కాన్పయ్యాక హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది. కాపర్-టితో రక్తం ఇంకా ఎక్కువ పోయే అవకాశం ఉంది కాబట్టి ముందు రక్తం పట్టాలి అన్నారు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే వేస్తారు. కానీ అది మానేశాక మళ్లీ కడుపు నిలవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. హార్మోన్ లేని ఛాయ మాత్ర ఒకటుంది, లక్నోలోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థలోనే కనిపెట్టారు, పాలిచ్చేవాళ్లు కూడా వేసుకోవచ్చు. దానికి అడ్డేమీ లేదన్నారు గానీ ఐరన్, కాల్షియం, మైగ్రేన్ మాత్రల పైన మరో మాత్ర వేసుకోవడానికి నాకే మనసొప్పలేదు.

మిగిలినవి బారియర్ పద్ధతులు. అంటే వీర్యకణాలు లోపలికి చేరకుండా అడ్డుకునేవి. డాక్టరమ్మ లెటర్‌హెడ్ వెనక్కి తిప్పి అంకెలు వేసి చూపించారు. వంద జంటలు ఏడాది పాటు మగవాళ్ల కండోమ్ వాడితే, ప్రతిసారీ తప్పు లేకుండా వాడినవాళ్లలో ఇద్దరికి కడుపొస్తుంది. మనుషులు మామూలుగా వాడే తీరులో అయితే 13 మందికి. ఆడవాళ్ల కండోమ్‌కి ఇవే అంకెలు 5, 21. కాపర్-టికి ఒకటి లోపే. "ఇందులో ఎక్కువమంది 'ఈ ఒక్కసారికి ఏం కాదులే' అనుకున్నవాళ్లమ్మా. మీ ఆయన్ని కూడా తీసుకురా, ఇది ఒక్కదానికి చెప్పి పంపించే విషయం కాదు" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ పాప టీకాల కార్డు కవర్లో ఉంది.

ఆయన వారం తర్వాత వచ్చారు. తల వంచుకునే కూర్చున్నారు గానీ, విన్నారు. రెండు ప్రశ్నలు కూడా అడిగారు. ఆటోలో ఇంటికొస్తూ "ఇన్నాళ్లూ ఇదంతా నీ సంగతి అనుకున్నాను" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం వేసింది.

మొదట మా ఆశా అక్క ఇచ్చిన నిరోధ్ కండోమ్ పాకెట్లు వాడాం. నిరోధ్ 1968లో వచ్చింది, అప్పట్లో 15 పైసలకి మూడు. మా అత్తయ్యకి ఆ పేరు బాగా తెలుసు, గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం పక్కన చదివారట. చదవడమే తప్ప చేతిలోకి తీసుకుని చూసింది లేదు. ఆ తర్వాత మందుల షాపులో కొన్నాం. షాపతను ఆయనతో పదో తరగతి చదివినవాడు కావడంతో మొదట్లో గుంటూరు వెళ్లినప్పుడు తెచ్చేవారు. రెండు నెలలకి ఆ సిగ్గూ పోయింది. పాలడబ్బాతో పాటే అడిగి తెచ్చుకోవడం అలవాటైంది.

అసలు భయపడింది నాలుగో నెలలో. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎవరికైనా జరగొచ్చు. పాలిచ్చే రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజన్ తక్కువగా ఉండి లోపల పొడిబారుతుంది. నాకు చాలా మంటగా, నొప్పిగా ఉండేది. ఆ మాట ఎవరితో అనాలో తెలియలేదు. మంచం పక్కన కిటికీ గట్టు మీద పాప ఒంటికి రాసే కొబ్బరినూనె సీసా ఉండేది. అదే వాడాం. కొబ్బరినూనె కంటే మంచిది ఇంకేముంటుంది అనుకుంటాం కదా. తీసి చూస్తే కండోమ్ కొన దగ్గర చిరిగి ఉంది. పాలమీగడలా పలచబడి సాగిపోయి ఉంది.

రాత్రి పన్నెండింటికి ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. పాప నిద్రపోతోంది. కుట్ల దగ్గర నాకు ఇంకా లాగుతూనే ఉంది. మళ్లీ ఆ టేబుల్ మీదికి ఎక్కడం గురించి తప్ప నాకు వేరే ఆలోచన రాలేదు. పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. కడుపు రాకుండా లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఉంది, 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, పాలివ్వడం ఆపనక్కర్లేదు అన్నారు. చీటీ లేకుండానే ఇస్తారు. తొమ్మిదింటికి షాపు తెరవగానే ఆయన తెచ్చారు. దీన్ని అలవాటుగా వాడకూడదు, ఇలాంటి ఆపదకే అని మరీ మరీ చెప్పారు.

అంతటితో టెన్షన్ తీరలేదు. అప్పటికి నాకు నెలసరి మళ్లీ మొదలు కాలేదు. మొదలు కాని నెలసరి ఆలస్యమైందో లేదో ఎలా తెలుస్తుంది? పాలిచ్చినన్నాళ్లు కడుపు రాదని మా ఇంట్లో అందరూ ధైర్యంగా చెప్పేవాళ్లు. అది నిజమే గానీ దానికి మూడు షరతులున్నాయి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి తిరిగి రాకూడదు. మూడూ ఉంటేనే. నేను స్కూల్లో టీచర్ని, మూడో నెల నుంచే పాపకి డబ్బాపాలు అలవాటు చేశాం. అంటే రెండో షరతు పోయినట్టే. ఇంకొకటి, కాన్పు తర్వాత నెలసరి కంటే ముందే అండం విడుదల కావొచ్చు. నెలసరి రాలేదు కదా అని ఊరుకుంటే, రాకుండానే మళ్లీ కడుపు నిలవొచ్చు. మూడు వారాలు ఆగి కిట్‌తో పరీక్ష చేసుకోమన్నారు. ఆ 21 రోజులు క్యాలెండర్లో ఒక్కో తేదీ కొట్టేస్తూ గడిపాను. ఒక్క గీతే వచ్చింది. ఆ రోజు స్కూలుకి వెళ్లి పిల్లలకి ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. నూనె తగిలితే లేటెక్స్ రబ్బరు నిమిషాల్లోనే బలం కోల్పోతుందని చెప్పారు. కొబ్బరినూనె, ఆముదం, నెయ్యి, వాజెలిన్, బేబీ ఆయిల్, ఏదైనా అంతే. నీటితో చేసిన జెల్లీ మందుల షాపులో ట్యూబుల్లో దొరుకుతుంది, అదే వాడాలి. ఆ ట్యూబు కొన్నాక నొప్పి కూడా చాలా తగ్గింది. ఇంత చిన్న విషయం కాన్పయిన వెంటనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. అప్పుడే ఆయనకి మిగతావి కూడా చెప్పారు. పర్సులో పెట్టుకుని తిరగకూడదు, వేడికి రబ్బరు పాడవుతుంది. పాకెట్ మీద తేదీ చూడాలి. పళ్లతో చింపకూడదు. కొన దగ్గర గాలి లేకుండా వేళ్లతో నొక్కి పట్టుకుని తొడగాలి. అయిపోయాక వెంటనే, మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీయాలి. మేం అప్పటిదాకా వీటిలో మూడు తప్పులు చేస్తూ వచ్చాం.

ఏడో నెలలో కొత్త ఇబ్బంది మొదలైంది. కలిసిన మర్నాడల్లా దురద, ఎరుపు, కొంచెం వాపు. ఇన్‌ఫెక్షన్ అనుకున్నాను. కంపెనీ మార్చాం, వాసన లేనివి కొన్నాం, తగ్గలేదు. అప్పుడే ఆడవాళ్ల కండోమ్ వాడి చూద్దామనిపించింది. మా ఊళ్లో అడిగితే అలాంటిది ఉంటుందని కూడా షాపతనికి తెలియదు. ఆన్‌లైన్‌లో తెప్పించాం. మామూలు వాటితో పోలిస్తే చాలా ఖరీదు.

పాకెట్ విప్పి చూసి ముందు బెంబేలెత్తిపోయాను. జానెడు పొడుగు పలచని సంచి, రెండు చివర్లా రెండు రింగులు. లోపలి రింగు బొటనవేలు, చూపుడువేలు మధ్య ఎనిమిది అంకెలా నొక్కి, నెలసరిలో లోపల పెట్టుకునే టాంపన్‌ని పెట్టినట్టు లోపలికి పెట్టుకుని, వేలితో ఎంత వెళ్తే అంత పైకి తోయాలి. బయటి రింగు బయటే ఉండాలి. మా వైపు టాంపన్లు వాడేవాళ్లే తక్కువ, నాకసలు ఆ పోలిక కూడా పనికిరాలేదు. మొదటిసారి చేతిలోంచి జారి గోడకి తగిలింది. రెండోసారి లోపలికి వెళ్లింది గానీ మెలిపడింది. ఒక కాలు స్టూలు మీద పెట్టి, కంగారు పడకుండా చేస్తే నాలుగో పాకెట్‌కి కుదిరింది. సరిగ్గా కూర్చుంటే లోపల ఉన్నట్టే తెలియదు. కొత్తలో అంగం సంచి పక్క నుంచి వెళ్లకుండా బయటి రింగు చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది. అయ్యాక బయటి రింగుని మెలిపెట్టి మెల్లగా లాగి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మగవాళ్ల కండోమ్‌తో కలిపి రెండూ ఒకేసారి వాడకూడదు, ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి.

ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, ఎనిమిది గంటల ముందే పెట్టుకోవచ్చు. పాప ఎప్పుడు లేస్తుందో తెలియని ఇంట్లో అది పెద్ద సౌకర్యం. పైగా నా జాగ్రత్త నా చేతిలో ఉంది. ఆయన సరేనంటారా, మర్చిపోతారా అని చూసుకునే పని లేదు. మా ఆయన మంచివారు కాబట్టి నాకు ఆ ఇబ్బంది రాలేదు గానీ, భర్త ఒప్పుకోని ఆడవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఇద్దరున్నారు. వాళ్లకి ఇది అందుబాటు ధరలో దొరకాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇంకో విషయం, ఇవి వాడిన రోజుల్లో నాకు దురద రాలేదు. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఖర్చు ఎక్కువవుతోందని మధ్యలో లోపల పెట్టుకునే టాబ్లెట్ కూడా ప్రయత్నించాను. కలయికకి పది నిమిషాల ముందు పెట్టుకుంటే కరిగి నురగలా అవుతుంది, అందులోని నొనాక్సినాల్-9 అనే మందు వీర్యకణాలను చంపుతుంది. నాకు మంట పుట్టింది. రెండుసార్లకే ఆపేశాను. అదొక్కటే వాడితే నమ్మకం కూడా తక్కువ. తరచూ వాడితే లోపలి చర్మం ఒరిసిపోయి హెచ్ఐవీ లాంటివి సులువుగా సోకే ప్రమాదం ఉందని తర్వాత తెలిసింది.

అమెరికాలో ఉన్న మా వదిన డయాఫ్రమ్ గురించి చెప్పింది. మెత్తని సిలికాన్ గిన్నెలాంటిది, గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేలా పెట్టుకోవాలి, జెల్ రాసి. కలిసిన తర్వాత ఆరు గంటలైనా ఉంచి, 24 గంటల్లోపు తీసి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఒకటి కొంటే ఏడాది పైగా వస్తుందట. నాకు భలే నచ్చింది. డాక్టరమ్మని అడిగితే, "మేం చదువుకునేటప్పుడు చూశాం. ఇక్కడ దొరికితే కదమ్మా రాయడానికి" అన్నారు. పైగా దానికి వాడే జెల్‌లో కూడా చాలావరకు ఆ నొనాక్సినాలే ఉంటుంది. అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాను.

మళ్లీ మామూలు కండోమ్‌లకే వచ్చాం, దురద కూడా మళ్లీ వచ్చింది.

పాప మొదటి పుట్టినరోజుకి సాయంత్రం హాల్లో కూర్చుని నేనూ మా చెల్లీ బుడగలు ఊదుతున్నాం. పది పదిహేను ఊదాక పెదాలు జివ్వుమన్నాయి. కాసేపటికి పై పెదవి ఉబ్బిపోయింది, నోటి చుట్టూ దద్దుర్లు. చెల్లి కంగారుపడి "కేకు ముక్క ఏమైనా తిన్నావా అక్కా?" అంది. కేకు ఇంకా కొయ్యనే లేదు. సిట్రిజిన్ వేసుకుంటే రాత్రికి తగ్గింది. ఫొటోలన్నిటిలో నేను కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నాను.

ఆ వారమే దురద కోసం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు. "రబ్బరు గ్లౌజులు వేసుకుంటే చేతులు దురద పెడతాయా? అరటిపండు తింటే నోట్లో గీరుకున్నట్టు ఉంటుందా?" అని అడిగారు. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే గ్లౌజులు పడక ఎప్పుడో మానేశాను. అరటిపండు సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పింది కాదు, నిజంగానే ఉంది. చర్మం డాక్టర్ దగ్గరికి పంపి రక్తపరీక్ష చేయించారు. లేటెక్స్ అలర్జీ. రబ్బరు చెట్టు పాలలో ఉండే ప్రోటీన్ ఒంటికి పడకపోవడం. బుడగలోనూ అదే, గ్లౌజులోనూ అదే, కండోమ్‌లోనూ అదే. నేను వాడిన ఆడవాళ్ల కండోమ్ చెట్టు రబ్బరుతో కాక నైట్రైల్‌తో చేసింది కాబట్టి దానితో నాకు ఏమీ కాలేదు. ఆర్నెల్లుగా నా ఒళ్లు చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

ఈ అలర్జీ కొందరిలో ఊపిరాడని స్థితి దాకా వెళ్తుందట. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ముందే చెప్పాలి, వాళ్లు వేరే గ్లౌజులు వాడతారు. నా కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాసి గీత గీశారు. నాకు రెండో సిజేరియన్ జరిగితే ఆ గీత నా ప్రాణం కాపాడవచ్చు. కండోమ్ వాడితే దురద వస్తోందని సిగ్గుతో దాచుకునే ఆడవాళ్లకి ఇది తెలియాలని నా ఆశ. ప్రతి దురదా ఇదే కాదు. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కండోమ్ మీద పూసిన జెల్లీ పడకపోవచ్చు. కానీ అడగాలి.

ఆ తర్వాత పాలీఐసోప్రీన్ కండోమ్‌లు తెప్పించాం. ఇదీ రబ్బరే గానీ చెట్టుది కాదు, తయారుచేసింది, ఆ ప్రోటీన్ ఉండదు. నూనె మాత్రం దీనికీ పనికిరాదు. పాలీయురెథేన్‌వి కూడా ఉంటాయి, వాటికి నూనె బాధ లేదు గానీ కాస్త తొందరగా చిరుగుతాయి అన్నారు. మేం పాలీఐసోప్రీన్ దగ్గరే ఆగాం. దురద లేదు, వాపు లేదు. ధర మామూలు వాటికంటే ఎక్కువే. నెలకి కావలసినవి ఆయనే ఆర్డర్ పెడతారు, పెట్టె మీద తేదీ ఆయనే చూస్తారు. ఇంట్లో ఎప్పుడూ ఒక ఎమర్జెన్సీ మాత్ర కూడా ఉంచుతాం. ఈ ఏడాదిలో దాని అవసరం రాలేదు.

మరి కాపర్-టికి మారొచ్చు కదా అని మా చెల్లి అడిగింది. హిమోగ్లోబిన్ ఇప్పుడు 11 దాటింది, వేయించుకోవచ్చు. రెండో బిడ్డ తర్వాత వేయించుకుంటానేమో కూడా. ఇంకెప్పటికీ పిల్లలు వద్దు అనుకున్నప్పుడు మేం ఎంచుకునేది కండోమ్ కాదు, ఆ 13 అంకె నాకు అప్పుడు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య, ఎప్పుడంటే అప్పుడు ఆపుకోగలిగేది కావాలనుకున్న మాకు మాత్రం ఇది సరిపోయింది.

పాపకి మొన్న రెండేళ్లు నిండాయి. ఈసారి బుడగలు ఆయన పంపుతో ఊదారు, నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. పోయిన వారం ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి రెండో బిడ్డ గురించి అడిగాం. కుట్టు బాగానే ఉంది, ప్రయత్నించవచ్చు అన్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసి, ఇవి ముందుగా మొదలుపెట్టి, మూడు నెలలు వాడాక కండోమ్‌లు మానేయండి అన్నారు. అలమరలో ఇప్పుడు ఆ మాత్రల సీసా, ఆ పెట్టె పక్కపక్కనే ఉన్నాయి.